కడుపుకు పడే కైమా దిమ్మ: ఉల్లి, వెల్లుల్లి, శనగపిండి లేకుండా ఎలా చేయాలి

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దలకు మొక్కి ఇంటికి వచ్చేసరికి, మా నల్లగొండలో చాలా ఇళ్లలో పొయ్యి మీద మటన్ ఉడుకుతూ ఉంటుంది. మూడేళ్లపాటు మా అక్క ఆ వాసనలోనే కూర్చుని పెరుగన్నం తిని లేచింది. మటన్ తిన్న కొన్ని గంటలకే ఆమె కడుపు డోలులా ఉబ్బేది. పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మరునాడంతా నీరసం. "నాకు మాంసం పడదురా" అని ఆమె తేల్చేసుకుంది. అయితే పెరుగన్నం తిన్న రోజున కూడా కడుపు పూర్తిగా కుదుటపడేది కాదు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, పేగుల్లో పుండు గానీ వాపు గానీ లేదని, ఇది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగులు అతి సున్నితంగా స్పందించే ఇబ్బంది అని చెప్పారు. తర్వాత కలిసిన పోషకాహార నిపుణురాలు మాంసం సంగతి ఎత్తకుండా, కూరలో ఏమేమి వేస్తారని అడిగారు. అర కిలో మటన్‌కు నాలుగు పెద్ద ఉల్లిగడ్డలు, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, గిన్నెడు పెరుగు, గుప్పెడు జీడిపప్పు అని అక్క చెబుతూ పోయింది. ఆ జాబితాలో కడుపును ఇబ్బంది పెట్టే సరుకు అంతా ఉంది, ఒక్క మటన్ తప్ప.

అప్పటి నుంచి మా ఇంట్లో చేస్తున్న వంట ఈ కైమా దిమ్మ. పాశ్చాత్య దేశాల్లో మీట్‌లోఫ్ అంటారు. కైమాను మసాలాలతో పిసికి, రొట్టె ఆకారంలో దిమ్మగా పెట్టి ఉడికించి, ముక్కలుగా కోసి వడ్డిస్తారు. వాళ్లు అందులో రొట్టె పొడి, పాలు, ఉల్లి, వెల్లుల్లి వేస్తారు. ఇవేవీ లేకుండా, ఓవెన్ కూడా అక్కర్లేకుండా, మన వంటింట్లో ఉన్న సామానుతో ఎలా చేయాలో చెబుతాను.

మాంసం మీద పడ్డ నింద

ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్న పేగులో లేదు. అందుకని అవి ఎలా వెళ్లాయో అలాగే పెద్ద పేగుకు చేరతాయి. అక్కడి బాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాసు పుడుతుంది. ఇది అందరికీ జరిగేదే. పేగు నరాలు సున్నితంగా ఉన్నవారికి మాత్రం అదే గ్యాసు నొప్పిగా, ఉబ్బరంగా తెలుస్తుంది. శనగపప్పు, కందిపప్పు, జీడిపప్పుల్లో ఇదే పని చేసే మరో రకం చక్కెరలు ఉంటాయి. పాలలోని లాక్టోజ్ కూడా, అరిగించే ఎంజైము తక్కువగా ఉన్నవారి పేగుల్లో ఇలాగే ప్రవర్తిస్తుంది. పెరుగు తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అక్క పెరుగన్నం గుట్టు అదే.

వీటన్నింటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అనే పేరు పెట్టినవారు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. 2005 ప్రాంతం నుంచి ఆ మాట వాడుకలోకి వచ్చింది. మటన్‌లో, చికెన్‌లో ఉండేవి మాంసకృత్తులు, కొవ్వు. పులిసే చక్కెరలు వాటిలో దాదాపు ఉండవు. కొవ్వు మరీ ఎక్కువైతే కొందరికి ఇబ్బందే, ఆ సంగతి తర్వాత చెబుతాను.

వంటకు ముందు ఒక్క జాగ్రత్త. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేపేంత నొప్పి లేదా విరేచనాలు ఉన్నా, రక్తహీనత ఉన్నా, ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. గోధుమ మానేయాలనుకుంటే మానకముందే సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల చిన్న పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు.

కైమా కొనేటప్పుడు

ఆదివారం పొద్దున్నే, రద్దీ పెరగకముందే మటన్ దుకాణానికి వెళ్లండి. ముందే కొట్టి పళ్లెంలో పెట్టిన కైమా తీసుకోకండి. ఏ భాగాలు కలిశాయో, ఎంతసేపటి క్రితం కొట్టారో మనకు తెలియదు. తొడ, భుజం కలిపి అరవై శాతం తొడ ఉండేలా తూకం వేయించి, మీ ఎదుటే కొట్టించండి. పాలమూరు వైపు గొర్రె మాంసం ఎక్కువగా దొరుకుతుంది, మేకపోతు కంటే కొంచెం కొవ్వు పట్టి ఉంటుంది. దిమ్మకు అది మంచిదే. పూర్తిగా ఎర్రని మాంసంతో చేస్తే ఉడికాక ఇసుక నమిలినట్టు ఉంటుంది. వంద గ్రాముల్లో పదిహేను గ్రాముల వరకు కొవ్వు ఉంటే చాలు. కొవ్వు తింటే కడుపు కదిలిపోయేవారు చికెన్ తొడ మాంసం తీసుకోండి, ఇదే పద్ధతి.

మొద్దు మీద కత్తితో కొట్టిన కైమా రుచి వేరు, నేను కాదనను. అయితే దిమ్మ నిలబడాలంటే మెత్తగా ఉండాలి. యంత్రంలో రెండుసార్లు వేయించండి. కొన్ని దుకాణాల్లో కైమాతోపాటే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి తిప్పి ఇస్తారు. మనకు ముందు ఎవరికైనా అలా వేసి ఉంటే యంత్రాన్ని ఒకసారి కడిగించమని అడగండి. నేను ప్రతిసారీ అడుగుతాను, ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు.

ఇంటికి తెచ్చాక కైమాను కడగకండి. మాంసం కడగందే మనసొప్పదు నిజమే, కానీ కైమా నీళ్లు పీల్చుకుంటే తర్వాత ఎంత పిసికినా పట్టు రాదు. కడగాలనుకుంటే ముక్కగా ఉన్నప్పుడే కడిగించి, తుడిపించి, ఆ తర్వాత కొట్టించండి. తెచ్చిన కైమా అరగంట ఫ్రిజ్‌లో ఉండాలి.

వెల్లుల్లి లేని వెల్లుల్లి రుచి

ఈ వంటకు ఆయువుపట్టు ఇది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి వాసన మాత్రం నూనెలోకి చక్కగా దిగుతుంది. కాబట్టి నూనెలో వెల్లుల్లి కాచి, రెబ్బలు తీసేస్తే రుచి మిగులుతుంది, కడుపును బాధించేది పోతుంది.

చాలామంది ఇక్కడే పొరపడతారు. కూరలో వేసిన వెల్లుల్లి, ఉల్లి ముక్కలను ఏరి పక్కన పెడితే చాలనుకుంటారు. కూరలో నీళ్లు ఉంటాయి, ఫ్రక్టాన్లు అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటాయి. అక్క ఏళ్లపాటు కంచం అంచున ఉల్లిముక్కలు పేర్చి పెట్టేది. అయినా నొప్పి తప్పేది కాదు, ఎందుకో మాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

చిన్న మూకుడులో ఆరు పెద్ద చెంచాల పల్లీ నూనె పోయండి. వనపర్తి, గద్వాల వైపు పల్లీ పంట బాగా ఉంటుంది, గానుగ నూనె దొరికితే ఇంకా మంచిది. ఆరు వెల్లుల్లి రెబ్బలు పొట్టు తీసి, తడి లేకుండా తుడిచి, నిలువుగా రెండుగా చీల్చండి. దంచకండి, సన్నగా తరగకండి, చిన్న తునకలు నూనెలో ఉండిపోతాయి. చల్లని నూనెలోనే రెబ్బలు వేసి సన్నని సెగ మీద పెట్టండి. కాసేపటికి రెబ్బ చుట్టూ ఆవగింజంత బుడగలు లేస్తాయి. ఐదారు నిమిషాల్లో అంచులు లేత బంగారు రంగుకు తిరుగుతాయి. అప్పుడే దించేయండి, ముదిరితే నూనె చేదెక్కుతుంది. సన్నని జల్లెడలో వడకట్టి, రెబ్బలు ఇంట్లో పడేవారికి ఇచ్చేయండి. నూనె వేడిగా ఉండగానే రెండు చిటికెల ఇంగువ వేస్తే ఉల్లి లేని లోటు చాలావరకు తీరుతుంది. దుకాణంలో దొరికే పొడి ఇంగువలో చాలా రకాల్లో గోధుమ పిండి కలిపి ఉంటుంది. డబ్బా వెనక చదివి, బియ్యప్పిండి కలిపినది గానీ గోధుమ కలవని ముద్ద ఇంగువ గానీ తీసుకోండి.

ఈ నూనెను బయట సీసాలో నిల్వ చేయకండి. వెల్లుల్లి మట్టిలో పెరిగేది. దాని మీద ఉండే బొటులినమ్ అనే బాక్టీరియా, గాలి తగలని నూనెలో, గది వేడిలో పెరిగి ప్రాణం తీసే విషాన్ని తయారుచేయగలదు. వాసనలో, రుచిలో ఏ తేడా తెలియదు. ఆ పూటకు కావలసినంతే చేసుకోండి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి.

ఏది తీసేశాం, ఏది వేస్తున్నాం

కబాబు చేసేటప్పుడు పట్టు కోసం మనం శనగపిండో పుట్నాల పొడో వేస్తాం. దాని బదులు ఇక్కడ అటుకులు. బియ్యం కడుపుకు తేలిక, అటుకులు అదే బియ్యం. మిర్యాలగూడ మిల్లుల పక్కన పెరిగినవాళ్లం, ఆ విషయంలో మనకు లోటు లేదు. లావు అటుకులను మిక్సీలో ఒక్కసారి తిప్పి రవ్వలా చేసుకుంటే మాంసం రసాన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటాయి.

ఉల్లిగడ్డకు బదులు ఉల్లికాడలు, అదీ పచ్చని భాగం మాత్రమే. ఫ్రక్టాన్లు కింద తెల్లని గడ్డలో ఉంటాయి. తెలుపు ఆకుపచ్చగా మారే చోటికి ఒక అంగుళం పైన కోయండి. ఒక మంచి క్యారెట్ తురుము తీపిని, తేమను ఇస్తుంది. వేయించిన ఉల్లి ఇచ్చే తీపికి అది సాటి కాకపోయినా దగ్గరగా వస్తుంది. పెరుగు వేయడం లేదు, పులుపుకు నిమ్మకాయ ఉంది.

కారం గురించి గట్టిగా చెబుతాను. మిరపలోని క్యాప్సైసిన్ పేగు నరాలను నేరుగా తాకుతుంది. ఫాడ్‌మ్యాప్‌లన్నీ తీసేసి, పాత అలవాటుతో రెండు చెంచాల కారం వేస్తే చేసిందంతా వృథా. కారం అర చెంచా మించొద్దు, అదీ రంగుకు వాడే తక్కువ ఘాటు మిరపది. బాగా సున్నితంగా ఉన్నవారు అది కూడా మాని, మిరియాలతో సరిపెట్టుకోండి.

దుకాణంలో కొన్న మటన్ మసాలా, కబాబు మసాలా పొట్లాలు వద్దు. చాలా వాటిలో ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి ఉంటాయి. ఎండిన పొడిలో ఫ్రక్టాన్లు ఇంకా చిక్కగా ఉంటాయి. ధనియాలు, జీలకర్ర, రెండు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, రెండు యాలకులు వేయించి దంచుకోవడం ఐదు నిమిషాల పని.

ఐదారుగురికి కావలసిన కొలతలు ఇవి. చెంచా అంటే టీ చెంచా.

కైమా 600 గ్రాములు. లావు అటుకుల రవ్వ నాలుగు పెద్ద చెంచాలు, తడపడానికి ఐదు పెద్ద చెంచాల నీళ్లు. తురిమి పిండిన క్యారెట్ ఒకటి. అల్లం తురుము ఒక పెద్ద చెంచా. సన్నగా తరిగిన ఉల్లికాడల పచ్చని భాగం అర గిన్నె. కొత్తిమీర గుప్పెడు, పుదీనా పది ఆకులు. పైన చేసుకున్న నూనె రెండు పెద్ద చెంచాలు. ఉప్పు ఒక చెంచా. పసుపు పావు చెంచా, దంచిన మసాలా రెండు చెంచాలు, మిరియాల పొడి అర చెంచా, పడేవారికి కారం అర చెంచా. గుడ్డు ఒకటి. గుడ్డు పడనివారు దాని బదులు ఒక చిన్న ఆలుగడ్డ ఉడికించి మెత్తగా మెదిపి వేయండి, దిమ్మ కాస్త మెత్తగా వస్తుంది గానీ విడిపోదు.

పిసకడం

చల్లని కైమాలో మొదట ఉప్పు ఒక్కటే వేయండి. ఇంకేమీ వద్దు. ఉప్పు మాంసంలోని మయోసిన్ అనే మాంసకృత్తును బయటికి తీస్తుంది, దిమ్మకు జిగురు అదే. ముందే నూనె, కూరగాయలు కలిపేస్తే ఆ జిగురు సరిగా రాదు.

వెడల్పు పళ్లెంలో వేసి, అరచేతి మడమతో ముందుకు రుద్దుతూ, మళ్లీ దగ్గరికి లాగుతూ పిసకండి. మొదట్లో కైమా వేళ్ల సందుల్లోంచి విడివిడిగా జారిపోతుంది. రెండు నిమిషాలకు గింజ గింజగా కనిపించడం తగ్గుతుంది. నాలుగో నిమిషానికి రంగు కాస్త లేతబారి, చేతికి సన్నని దారాల్లా సాగుతూ అంటుకుంటుంది. ఒక ముద్ద అరచేతిలో పెట్టి చేయి బోర్లించండి. కింద పడకుండా పట్టుకుని ఉంటే సరిపోయినట్టు. పడితే ఇంకో నిమిషం. ఎండాకాలంలో చేతి వేడికే కొవ్వు కరిగి ముద్ద జిడ్డుగా అవుతుంది. అప్పుడు చేతులను చల్లని నీళ్లలో ముంచి తుడుచుకుని మొదలుపెట్టండి.

తర్వాత తడిపిన అటుకుల రవ్వ, గుడ్డు, నూనె, మసాలాలు వేసి ఒక నిమిషం కలపండి. చివర క్యారెట్, కాడలు, ఆకులు. ఈ దశలో ఎక్కువ పిసికితే ఉడికాక రబ్బరులా గట్టిపడుతుంది. పచ్చి కైమాను ఉప్పు చూడటానికి నోట్లో పెట్టుకోకండి. నిమ్మకాయంత ముద్ద పెనం మీద వేయించి రుచి చూసి, తక్కువైతే కలపండి.

ఓవెన్ లేకుండా ఉడికించడం

నిటారు అంచులున్న స్టీలు డబ్బా కావాలి. చేతిలో పట్టేంత పొడుగు లంచ్ బాక్సు గానీ చిన్న కేకు గిన్నె గానీ సరిపోతుంది. లోపల నూనె రాసి, అడుగున, పక్కల అరటాకు పరవండి. ఆకును ముందు సెగ మీద ఒకసారి చూపిస్తే విరగకుండా వంగుతుంది. అరటాకు దొరకకపోతే నూనె రాసిన డబ్బా చాలు.

ముద్దను కొంచెం కొంచెంగా వేస్తూ వేళ్లతో అదమండి. ఒక్కసారిగా వేస్తే మధ్యలో గాలి ఉండిపోయి, కోసినప్పుడు బొరియలు కనిపిస్తాయి, ముక్క అక్కడే విరుగుతుంది. ఎత్తు ఆరు సెంటీమీటర్లు దాటనివ్వకండి. డబ్బాను రెండుసార్లు బండ మీద తట్టి, పైన పళ్లెం మూయండి.

ఇడ్లీ పాత్రలోనో, విజిల్ తీసేసిన కుక్కర్లోనో రెండు అంగుళాల నీళ్లు పోసి, మరిగాక స్టాండు మీద డబ్బా పెట్టండి. పాత్ర మూతకు లోపలివైపు పలుచని గుడ్డ కడితే ఆవిరి చుక్కలు దిమ్మ మీద పడవు. మధ్యస్థం సెగ మీద యాభై నిమిషాలు. అరగంటకు నీళ్లు చూసి, తగ్గితే వేడి నీళ్లే పోయండి. ఓవెన్ ఉన్నవారు 180 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచవచ్చు, పైన పొర బాగా వస్తుంది.

ఉడికిందా లేదా అన్నది రంగు చూసి తేల్చకండి. కైమాలో బయటి క్రిములు యంత్రంలో తిరిగి లోపలి వరకు కలిసిపోతాయి కాబట్టి నడిమధ్య కూడా పూర్తిగా ఉడకాలి. మధ్యలో మటన్‌కు 71 డిగ్రీలు, చికెన్‌కు 74 డిగ్రీల వేడి రావాలి. వంటింటి థర్మామీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. పేగులు సున్నితంగా ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఆ ఖర్చు పెట్టదగినదే. అది లేకపోతే ఇంకో పది నిమిషాలు ఎక్కువ ఉంచండి, ఆవిరి మీద ఎండిపోదు.

దించాక డబ్బాలో రసం చేరి ఉంటుంది. గిన్నెలోకి వంచుకోండి, పైన తేలిన కొవ్వు తీసేస్తే అన్నంలోకి అమృతంలా ఉంటుంది. దిమ్మను మాత్రం పదిహేను నిమిషాలు కదపకండి. వేడి మీద కోస్తే పొడిపొడి అవుతుంది. పదును కత్తితో వేలు మందాన ముక్కలు కోసి, పెనం మీద వెల్లుల్లి నూనె చుక్కలు వేసి రెండు వైపులా ఎర్రగా కాల్చండి. ఆవిరి మీద రాని కమ్మదనం ఇక్కడ వస్తుంది. ఈ అడుగు మానొద్దు.

పైన పూతకు టమాటా కెచప్ వాడకండి, చాలా సీసాల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఒక పండు టమాటా ఉడికించి వడకట్టి, చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు వేసి చిక్కబడేదాకా మరిగించి, దించాక నకిరేకల్ మార్కెట్‌లో దొరికే మంచి రసమున్న నిమ్మకాయ అరచెక్క పిండండి. గుండెల్లో మంట ఉన్నవారికి ఈ పూత వద్దు.

వడ్డన, నిల్వ

ఒకరికి రెండు ముక్కలు. దావత్‌లో తిన్నట్టు అర కిలో తింటే ఏ మాంసమైనా బరువే. తోడుగా బగారా అన్నం చేయవచ్చు. ఉల్లి, వెల్లుల్లి ముద్ద లేకుండా వెల్లుల్లి నూనె, షాజీరా, బిర్యానీ ఆకు, పుదీనాతో పోపు పెట్టండి. జొన్నరొట్టెలో గ్లూటెన్ లేదు, అక్కకు ఒకటి వరకు బాగానే ఉంటుంది. మీరు సగంతో మొదలుపెట్టి చూడండి. పెరుగు పచ్చడి బదులు కీరా ముక్కల మీద నిమ్మరసం, వేయించి దంచిన పల్లీలు చల్లుకోండి.

బయటి వేడి 32 డిగ్రీలు దాటితే వండిన మాంసం గంటకు మించి బయట ఉండకూడదు. మా జిల్లాల్లో మార్చి నుంచి జూన్ వరకు ఇంట్లో కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ముక్కలుగా కోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు, డీప్ ఫ్రీజరులో రెండు మూడు నెలలు నిలుస్తాయి. తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేయండి.

ఇడ్లీ పళ్లెంలో పరీక్ష

ఉల్లి, వెల్లుల్లి, పప్పు, పాలు అన్నీ జీవితాంతం మానేయమని ఎవరూ చెప్పరు. రెండు నుంచి ఆరు వారాలు తీసేసి, కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకుని ఏది పడదో కనుక్కోవాలి. అదీ పోషకాహార నిపుణుల సలహాతో. మీ కడుపుకు పడ్డ వంట ఒకటి చేతిలో ఉంటే ఆ పరీక్ష సులువు.

దిమ్మకు కలిపిన ముద్దలో కొంత తీసి ఇడ్లీ పళ్లెంలో చిన్న బిళ్లలుగా పెట్టండి. ఇవి ఇరవై నిమిషాల్లో ఉడుకుతాయి. ఒక వారం ఉల్లిని పరీక్షించాలనుకోండి. మొదటి రోజు తినే బిళ్లలో అర చెంచా ఉల్లి తురుము, రెండో రోజు ఒక చెంచా, మూడో రోజు ఒక పెద్ద చెంచా. మిగతా తిండి అంతా పాతదే. నొప్పి మొదలైతే అక్కడితో ఆపి, ఏ మోతాదులో మొదలైందో రాసుకోండి. మూడు రోజులు విరామం ఇచ్చి, తర్వాత వెల్లుల్లి. ఆ తర్వాత శనగపిండి. పాలకు బిళ్లతో పని లేదు, నేరుగా పావు గ్లాసుతో మొదలుపెట్టండి. ఒకేసారి రెండు కలపకండి. పెళ్లి భోజనం, పరీక్షల ఒత్తిడి, నెలసరి ఉన్న వారం ఈ పని పెట్టుకోకండి, ఫలితం తారుమారవుతుంది.

అక్క దేవరకొండలో తన వంటింటి అలమారా తలుపుకు ఒక కాగితం అతికించింది. ఉల్లి అర చెంచా దాటకూడదు, వెల్లుల్లి ఒక రెబ్బ వరకు ఫర్వాలేదు, శనగపిండి అసలు వద్దు, పెరుగు రెండు పెద్ద చెంచాలు. పోయిన దసరాకు నేను వెళ్లేసరికి అరటాకు సెగ మీద చూపిస్తూ కనిపించింది. కైమా అప్పటికే పిసికేసి ఉంది.